ఎల్సా కోట జూన్ 6న... నా ఫ్లైట్ మే 31న!

టోక్యో డిస్నీ సీ ఉదయం 9 గంటలకి తెరుస్తారు, రాత్రి 9 గంటలకి మూస్తారు. వెబ్‌సైట్‌లో చూసినా, యాప్‌లో చూసినా మామూలు రోజుల్లో ఇదే టైమ్ కనిపిస్తుంది. అలాగని మీరు సరిగ్గా 9కి గేటు దగ్గర దిగారనుకోండి... అప్పటికే వేలమంది లోపలికి వెళ్లిపోయి ఉంటారు. మీరు ఎక్కుదామనుకున్న రైడ్ ముందు బోర్డు మీద ‘120 నిమిషాలు’ అని కనిపిస్తుంది.

ఇక్కడ 9 అంటే 9 కాదు. జనం బాగా వస్తే గేట్లు ముందే తెరిచేస్తారు. ఎనిమిదింపావు కావొచ్చు, ఎనిమిదిన్నర కావొచ్చు. ఏ రోజు ఎప్పుడనేది ముందు రోజు ఎవరూ చెప్పరు. డిస్నీ హోటళ్లలో గది తీసుకున్నవాళ్లని అందరికంటే 15 నిమిషాలు ముందు పంపిస్తారు. ఆ పావుగంట కోసమే హోటల్ బుక్ చేసేవాళ్లు కూడా ఉన్నారంటే నమ్మండి. మిగతావాళ్లు ఆరింటికల్లా వచ్చి, నేల మీద చిన్న ప్లాస్టిక్ షీట్ పరుచుకుని, బుద్ధిగా కూర్చుంటారు. తోపులాట ఉండదు, అరుపులుండవు. మన బెనిఫిట్ షో లైన్లో పేపర్లు, ఈలలు తీసేస్తే ఎలా ఉంటుందో, అచ్చం అలా ఉంటుంది.

ఈ మే 14న, మంగళవారం పొద్దున ఆరున్నరకి నేనూ ఆ లైన్లో ఉన్నాను. నాలుగున్నరేళ్లలో ఇది నా పదకొండోసారి. బహుశా ఆఖరిసారి కూడా.

ఒక్క స్టేషన్ దూరంలో

నేనుండేది నిషికసాయిలో. టోక్యోలో ఇండియన్స్ ఎక్కువగా ఉండే ఏరియా. కరివేపాకు, ఇడ్లీ రవ్వ, గోంగూర పచ్చడి దొరికే షాపులున్నాయి. ఆదివారం బజారుకి వెళితే తెలుగు వినపడకుండా ఇంటికి రాలేం. అక్కడినుంచి బస్సెక్కి కసాయి రిన్‌కాయ్ పార్క్ స్టేషన్‌కి వెళ్లి, కేయో లైన్ రైలెక్కితే పక్క స్టేషనే మైహామా. అదే డిస్నీ స్టేషన్.

ఈ నేలంతా ఒకప్పుడు టోక్యో సముద్రమే. ఉరయాసు అనే జాలరుల ఊరి ముందు సముద్రాన్ని పూడ్చి, ఆ నేల మీద 1983 ఏప్రిల్ 15న టోక్యో డిస్నీల్యాండ్ తెరిచారు. దాని పక్కనే 2001 సెప్టెంబర్ 4న డిస్నీ సీ వచ్చింది. వీటిని నడిపేది డిస్నీ కాదు, ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. పేరుకీ బొమ్మలకీ డిస్నీకి రాయల్టీ కడుతుంది.

నేను జపాన్ వచ్చింది 2019 చివర్లో. అదే సంవత్సరం డిస్నీ సీ పక్కన పార్కింగ్ స్థలంలో కొత్త ఏరియా పనులు మొదలయ్యాయి. పేరు ‘ఫాంటసీ స్ప్రింగ్స్’. అందులో ‘ఫ్రోజెన్’ సినిమాలోని ఎల్సా, అన్నాల రాజ్యం అరెండెల్ కూడా ఉంటుందని తెలిసింది.

అప్పుడే తెనాలిలో మా అక్క కూతురు ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో చూసింది. నిత్యా మేనన్ ఎల్సాకి గొంతు ఇచ్చిన సినిమా. చిన్నప్పటి ఎల్సాకి డబ్బింగ్ చెప్పింది మహేష్ బాబు కూతురు సితార. మూడేళ్ల పిల్లకి ఇంకేం కావాలి? ఇంట్లో దుప్పట్లన్నీ ఎల్సా గౌన్లయిపోయాయి. ఫ్రిజ్ తలుపు తెరిచి చెయ్యి చాపి నిలబడేదట, ‘నేనే చల్లగా చేశాను’ అని.

ఒకసారి వీడియో కాల్‌లో నేను ఆ కొత్త ఏరియా బొమ్మ చూపించాను. మంచు కొండ, దాని కింద కోట, నీళ్లలో పడవలు.

‘‘పిన్నీ, ఇది నిజం కోటా?’’

‘‘కడుతున్నారు బంగారం. అవ్వగానే నీకు చూపిస్తా.’’

అప్పటినుంచీ ప్రతి కాల్‌లోనూ అదే ప్రశ్న. ‘‘పిన్నీ, తెరిచారా?’’

వాయిదా పడ్డ కోట

తెరవలేదు. ముందు కోవిడ్ వచ్చింది. 2020 ఫిబ్రవరి 29న రెండు పార్కులూ మూసేశారు. మళ్లీ తెరిచింది జులై 1న. నాలుగు నెలలపాటు మైహామా స్టేషన్లో దిగేవాళ్లే లేరు. తెరిచాక కూడా వేళలు కుదించారు. టిక్కెట్లు తగ్గించారు. డిస్నీల్యాండ్‌లో ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ ఏరియా 2020 ఏప్రిల్ 15న రావాల్సింది, సెప్టెంబర్ 28న వచ్చింది.

ఫాంటసీ స్ప్రింగ్స్ కూడా అలాగే జరుగుతూ వచ్చింది. ముందు 2022 అన్నారు, తర్వాత 2023 అన్నారు, ఆ తర్వాత 2024 వసంతం అన్నారు. చివరికి 2024 జూన్ 6 అని డేట్ వేశారు.

మన తెలుగువాళ్లకి వాయిదాలు కొత్తేం కాదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2020 జులై 30 అనుకుంటే 2022 మార్చి 25కి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 21న జపాన్‌లో రిలీజైతే ఎన్టీఆర్, చరణ్, రాజమౌళి టోక్యో వచ్చారు. ఆ వారం మా ఆఫీసులో నేనొక చిన్నపాటి సెలబ్రిటీని. ‘నాటు నాటు’ స్టెప్పు నేర్పమని అడిగినవాళ్లలో మా సీనియర్ కూడా ఉంది. ఆవిడకి యాభై దాటాయి. డిస్నీల్యాండ్ తెరిచిన ఏడాది స్కూల్ పిల్లగా వెళ్లిందట. ఇప్పటికీ బ్యాగుకి డఫీ ఎలుగుబంటి బొమ్మ వేలాడుతూ ఉంటుంది.

జూన్ 6 డేట్ చూసి నేను ఎగిరి గంతేశాను. ఆ ఆనందం ఈ మార్చిదాకానే ఉంది. మార్చిలో మా ప్రాజెక్టు అయిపోయిందన్నారు. జూన్ 3న హైదరాబాద్ ఆఫీసులో చేరాలి. మే నెలాఖరుకి ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. కంపెనీ టికెట్ వేసింది. మే 31, శుక్రవారం.

ఆరు రోజులు. నాలుగున్నరేళ్లు ఆగినదానికి ఆరు రోజులు తక్కువ.

‘‘ఆ ఆరు రోజులూ సెలవు పెట్టి ఉండలేవా?’’ అంది అమ్మ. ఎక్కడుండాలి? కొత్త మేనేజర్‌కి ఏమని చెప్పాలి, ఎల్సా కోసం ఆగానని చెప్పాలా? అడిగి చూశాను కూడా. మర్యాదగానే కుదరదన్నారు. అందుకే, తెరవకముందే ఒకసారి వెళ్లి, గోడ ఇవతలనుంచైనా చూసి వద్దామని మే 14న సెలవు పెట్టాను.

లోపల ఏముంది?

డిస్నీ సీ గేటు దాటగానే నీళ్లు కారుతూ తిరిగే పెద్ద భూగోళం ఉంటుంది. దాని వెనక హోటల్ కింది వంపులోంచి నడిస్తే ఒక్కసారిగా సముద్రపు రేవు, దాని అవతల ప్రొమెథియస్ అనే అగ్నిపర్వతం. 51 మీటర్ల ఎత్తు. ఉన్నట్టుండి మంట కక్కుతుంది. పదకొండోసారి వెళ్లినా అక్కడ రెండు నిమిషాలు ఆగకుండా ముందుకి పోలేను.

ఇక్కడ ఏరియాలని ‘పోర్టులు’ అంటారు. అప్పటిదాకా ఏడు. ఇటలీ రేవు ఒకటి, పాత న్యూయార్క్ ఒకటి, అరేబియా కథల ఊరు ఒకటి, లిటిల్ మెర్మెయిడ్ ఏరియా ఒకటి... ఇలా. ఫాంటసీ స్ప్రింగ్స్ ఎనిమిదో పోర్టు. మొత్తం లక్షా 40 వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. ఖర్చు 320 బిలియన్ యెన్లు. 2024 రేటు ప్రకారం మన డబ్బుల్లో సుమారు 17 వేల కోట్ల రూపాయలు. మూడు కథలు, నాలుగు రైడ్లు. ‘ఫ్రోజెన్’ కథలో పడవ ప్రయాణం, రపుంజెల్ దీపాల పండగ, పీటర్ పాన్‌తో ఆకాశంలో ఎగరడం, చిన్నపిల్లలకి టింకర్ బెల్ బండ్లు. పక్కనే 475 గదుల హోటల్.

మే 14న గేట్లు ఎనిమిదిన్నర కాకముందే తెరిచారు. అందరూ వడివడిగా నడిచారు. పరిగెత్తకూడదు, పరిగెత్తితే స్టాఫ్ చేతులెత్తి నవ్వుతూ ‘నడవండి, నడవండి’ అంటారు. అందుకని జనం ఒకరకమైన నడక కనిపెట్టారు. మోకాళ్లు వంగవు, భుజాలు ఊగవు, స్పీడు మాత్రం పరుగుదే. సగంమంది 2019లో వచ్చిన ‘సోరింగ్’ వైపు, సగంమంది ‘టాయ్ స్టోరీ’ వైపు పోయారు. నేను మాత్రం పార్కు ఆ చివరికి నడిచాను.

అరేబియా ఊరికీ, ‘లాస్ట్ రివర్ డెల్టా’ అనే అడవి ఏరియాకీ మధ్య ఉంది కొత్త దారి. అక్కడ గోడ. నీట్‌గా రంగేసిన, మనిషి కంటే బాగా ఎత్తైన గోడ. దానిమీదుగా కొండ కొమ్ములు కనిపిస్తున్నాయి. నేను ఒక్కదాన్నే అనుకున్నాను గానీ, అక్కడ అప్పటికే పదిమంది దాకా ఉన్నారు. ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు. ఒక పెద్దాయన ట్రైపాడ్ కూడా తెచ్చుకున్నాడు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, స్కూల్ యూనిఫామ్ వేసుకొచ్చి (ఇక్కడదొక సరదా, చదువైపోయాక కూడా యూనిఫామ్‌లో డిస్నీకి రావడం) గోడకి ఆనుకుని ఫొటో దిగారు. నన్ను తియ్యమన్నారు, తీశాను. నన్ను కూడా తీస్తామన్నారు.

ఫొటోలో నేను, ఒక గోడ. అంతే. కానీ ఆ పదిమందీ ఆ గోడని చూసిన తీరు చెప్పాలి. తలుపు వెయ్యకముందు గర్భగుడి ముందు నిలబడ్డవాళ్లని చూశారా? అలా చూస్తున్నారు.

మా సీనియర్ ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. ‘‘తెరిచాక అందరం రైడ్ ఎన్ని నిమిషాలు వెయిటింగో మాట్లాడుకుంటాం. తెరవకముందే లోపల ఏముంటుందో మాట్లాడుకుంటాం’’ అంది. ఆవిడ 2001లో డిస్నీ సీకి కూడా అలాగే ఎదురుచూసిందట.

గేటు బయట పులిహోర

మధ్యాహ్నం ఒకసారి బయటికొచ్చాను. అదే రోజు మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, ఇబ్బంది లేదు. పార్కులోకి ఇంటి భోజనం తీసుకెళ్లి తినకూడదు. దానికోసం గేటు బయట పిక్నిక్ ఏరియా ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. మనవాళ్లకి మాత్రం బాగా తెలుసు.

అక్కడ బల్ల దగ్గర ఒక జంట, ఏడాది నిండిన బాబు. స్టీలు డబ్బా మూత తియ్యగానే వాసనొచ్చేసింది. నేను చూడటం ఆవిడ చూసింది.

‘‘అక్కా, మీరు తెలుగేనా?’’

‘‘అవునమ్మా, తెనాలి.’’

‘‘మాది నెల్లూరక్కా. కూర్చోండి, పులిహోర తిందురుగాని. ఇద్దరికీ చాలా ఎక్కువైంది.’’

మొహమాటపడలేదు. వాళ్లు ఒసాకా నుంచి వచ్చారు. జూన్‌లో కొత్త ఏరియాకి రావాలా, ఇప్పుడే రావాలా అని నెలరోజులు కొట్టుకున్నారట. ఆయన అన్నాడు, ‘‘జూన్‌లో వస్తే ఆ ఏరియాలోకి వెళ్లడానికే పాస్ కావాలంటక్కా. తిరుమల్లో టైమ్ స్లాట్ టోకెన్‌లాగా.’’

నిజమే. పోలిక బాగా కుదిరింది. మొదట్లో ఫాంటసీ స్ప్రింగ్స్‌లోకి ఊరికే నడుచుకుంటూ పోనిచ్చేవాళ్లు కాదు. పార్కులోకి వచ్చాక యాప్‌లో ఉచితంగా ఇచ్చే ‘స్టాండ్‌బై పాస్’ తీసుకోవాల్సి వచ్చేది. అది దొరక్కపోతే డబ్బు కట్టి ‘ప్రీమియర్ యాక్సెస్’ కొనాల్సి వచ్చేది. రెండూ అయిపోతే ఆ రోజుకి అంతే. అంటే గేటు ఎప్పుడు తెరుస్తారన్నది అప్పుడు ఇంకా ముఖ్యమైపోయేది. ముందు లోపలికి వెళ్లినవాళ్లకే ముందు యాప్ పనిచేసేది.

‘‘బాబుకి ఇప్పుడు ఏం తెలుస్తుందిలే అక్కా. వాడికి తెలిసే వయసొచ్చేసరికి పాస్ గొడవ కూడా ఉండదు’’ అంది ఆవిడ, వాడి మూతి తుడుస్తూ. ఆ మాట నాకెందుకో లోపల తగిలింది. వాళ్ల చేతిలో టైమ్ ఉంది. మా అక్క కూతురికి ఇప్పుడు ఏడేళ్లు దాటాయి.

మోనోరైల్ నుంచి వీడియో కాల్

సాయంత్రం ఆరయ్యాక మోనోరైల్ ఎక్కాను. డిస్నీ రిసార్ట్ లైన్. దీనికి టికెట్ వేరే. మిక్కీ తల ఆకారంలో కిటికీలు, పట్టుకునే పిడులు కూడా మిక్కీవే. నాలుగు స్టేషన్లు, ఒకే వైపుకి తిరుగుతూ ఉంటుంది. బేసైడ్ స్టేషన్ దాటి డిస్నీ సీ స్టేషన్‌కి వచ్చే దారిలో, పార్కు టికెట్ లేకపోయినా సరే, కొత్త ఏరియా కొండలూ కట్టడాలూ కిటికీలోంచి కనిపిస్తాయి. నాలుగున్నరేళ్లుగా నేను చూస్తున్నది ఈ కిటికీలోంచే. మొదట మట్టి. తర్వాత క్రేన్లు. తర్వాత ఇనుప చట్రం. తర్వాత దానిమీద సిమెంటు కొండలు. తర్వాత రంగులు.

తెనాలిలో అప్పుడు మధ్యాహ్నం మూడు. వేసవి సెలవులు. అక్క ఫోనెత్తింది. ముందు రోజే పోలింగ్, వేలి మీద సిరా గుర్తు చూపించి, ‘‘రెండు గంటలు నిలబడ్డానే ఎండలో’’ అని మొదలుపెట్టింది. నేనూ నా రెండు గంటల లైన్ గురించి చెప్పాను. ‘‘నీది సరదా లైను, మాది బాధ్యత లైను’’ అని నవ్వి పిల్లకి ఫోనిచ్చింది.

కెమెరా తిప్పి కిటికీకి ఆనించాను. సాయంత్రం ఎండలో కొండ, కోట శిఖరాలు, రపుంజెల్ గోపురం వరసగా వెళ్లిపోయాయి.

‘‘చూశావా? అదే ఎల్సా కోట. ఇంక మూడు వారాల్లో తెరిచేస్తారు.’’

పిల్ల చూసింది. ‘‘బాగుంది పిన్నీ’’ అంది. కొంచెం ఆగి, నన్ను బాధపెట్టకూడదన్నట్టు మెల్లగా, ‘‘కానీ నేనిప్పుడు ఎల్సా చూడట్లేదు పిన్నీ. అది చిన్నపిల్లలది’’ అంది.

నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. 320 బిలియన్ యెన్లు పెట్టి కొండ కట్టడానికి ఐదేళ్లు పట్టింది. అదే ఐదేళ్లలో ఇక్కడొక పిల్ల మాటలు నేర్చి, పళ్లూడి, కొత్త పళ్లొచ్చి, ఎల్సాని దాటి వెళ్లిపోయింది. కొండ తప్పేం లేదు. పిల్ల తప్పూ లేదు.

‘‘మరి నీకిప్పుడు ఏం చూపించాలి?’’ అన్నాను.

‘‘ఏం చూపించొద్దు. నువ్వు 31కే వస్తున్నావు కదా?’’ అంటూ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. గోడకి క్యాలెండర్. మే నెల కాగితం మీద ఎర్ర స్కెచ్‌తో రోజులు కొట్టేసుకుంటూ వస్తోంది. 31 చుట్టూ గుండ్రంగా గీసి, లోపల ఏదో బొమ్మేసింది. విమానమట. చేపలా ఉంది.

‘‘అర్ధరాత్రి దిగుతావంట. అమ్మ పడుకోమంటోంది. నేను పడుకోను పిన్నీ, చెప్తున్నా.’’

ఈలోగా మోనోరైల్ డిస్నీ సీ స్టేషన్లో ఆగింది. నేను దిగలేదు. ఇంకో రౌండ్ వేశాను. ఈసారి కోట కోసం కాదు, ఫోన్ కట్ చెయ్యడానికి మనసొప్పక.

జూన్ 6 తర్వాత వెళ్లేవాళ్లకి

జపాన్ రావాలనుకునేవాళ్లు ఈ మధ్య మన దగ్గర బాగా పెరిగారు. కాబట్టి నాకు తెలిసిన నాలుగు ముక్కలు.

టికెట్లు రెండు నెలల ముందు, జపాన్ టైమ్ మధ్యాహ్నం 2 గంటలకి అమ్మకానికి పెడతారు. అంటే మనకి ఉదయం పదిన్నర. 2024లో పెద్దవాళ్లకి రోజునిబట్టి 7,900 నుంచి 10,900 యెన్లు ఉండేది, అంటే అప్పట్లో సుమారు 4,200 నుంచి 5,800 రూపాయలు. నాలుగేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. శని, ఆదివారాలు, ఏప్రిల్ చివర్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవులు వదిలెయ్యండి. జూన్‌లో వానాకాలం మొదలవుతుంది. గొడుగు తెచ్చుకోండి. వాన రోజు లైన్లు తగ్గుతాయి కూడా.

వెళ్లే రోజు వేళలు యాప్‌లో ముందు రోజు మళ్లీ చూసుకోండి, మారుతుంటాయి. 9 అని ఉంటే ఏడింటికల్లా గేటు దగ్గరుండండి. పవర్ బ్యాంక్ లేకుండా వెళ్లకండి. పాస్, మ్యాప్, వెయిటింగ్ టైమ్, అన్నీ ఫోన్లోనే. అన్నం మీద బెంగ పడితే అరేబియా ఊళ్లో ‘కాస్బా’ ఫుడ్ కోర్టులో కూర, నాన్ దొరుకుతాయి. కూర వాసన కొట్టే పాప్‌కార్న్ కూడా ఉంది. తిన్నాక నన్ను తిట్టుకోరు.

రాత్రి 9కి మూసేస్తారని ఎనిమిదిన్నరకే బయటికి వచ్చెయ్యకండి. మూసే టైమ్‌కి ముందు లైన్లో నిలబడితే రైడ్ ఎక్కించే పంపిస్తారు. ఆఖరి పది నిమిషాల్లో ఎక్కిన రైడ్ నాకు ఎప్పుడూ బాగా గుర్తుండిపోయింది. మే 14న కూడా అదే చేశాను. ఎనిమిదీ యాభైకి ‘సింద్‌బాద్’ పడవెక్కాను. పడవలో నేనొక్కదాన్నే.

మొన్న ఆఫీసులో వీడ్కోలు పార్టీలో మా సీనియర్ జూన్ 6 రోజు సెలవు పెట్టానని చెప్పింది. లోపలికి వెళ్లగలిగితే నాకు కోట ఫొటో పంపిస్తానంది. సరేనన్నాను. ఇప్పుడు ఇల్లంతా అట్టపెట్టెలే. ఒక పెట్టెలో మాత్రం అక్క కూతురికి బొమ్మలేమీ పెట్టలేదు, స్కెచ్ పెన్నుల సెట్ పెట్టాను. ఎరుపు అయిపోయుంటుంది.